ఏడో గుడి దాకా

నవంబరు 2, ఆదివారం

ఈ రోజు నా చేతిలోంచి మంచినీళ్ళ సీసా లాక్కున్నారు. లీటరు సీసా. మా ఆయన ఒక పక్కనుంచి, మా అమ్మాయి ఇంకో పక్కనుంచి ఒకేసారి వచ్చి పట్టుకున్నారు. ఏదో ప్రారంభోత్సవానికి రిబ్బను పట్టుకున్నట్టు ముగ్గురం ఒక సీసా పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడ్డాం. చివరికి నేనే వదిలేశాను. ఎప్పుడూ నేనే వదిలేస్తాను.

ఆపరేషనయి ఆరు నెలలు. గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని దాన్ని కుట్టి బాగుచేశారు. తలుపు బాగానే పనిచేస్తోందట. ఇంట్లోవాళ్ళు మాత్రం నన్నే ఊడిపోబోయే తలుపులా చూస్తున్నారు. మెల్లగా తీసి, మెల్లగా వేసి.

వదిన అప్పుడు రెండు వారాలు ఉండి వెళ్తానని వచ్చింది. ఆ రెండు వారాలు ఇంకా పూర్తి కాలేదు. మా ఆయనకి అక్క, ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయింది. ఆవిడ లేనప్పుడు మేం ఆవిణ్ణి కలెక్టరు అంటాం. ఆవిడకి తెలుసనుకుంటాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడే మొదలుపెట్టింది.

"కాలేజీ సంగతి ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?"

"చెయ్యడానికేముంది వదినా. నెలాఖరుకి సెలవు అయిపోతుంది. ఒకటో తారీఖున వెళ్తాను."

మా ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. అక్కడేదో వార్త అచ్చయినట్టు.

"మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అరవై మంది పిల్లలు. పొద్దస్తమానం నిలబడి అరవాలి."

"అరవను వదినా, పాఠం చెప్తాను."

"ఆ, అదే. మానేస్తే మనకేం కొంపలు మునిగిపోవు."

మా ఆయన అప్పుడు తలెత్తి, "ఇంకో ఏడాది సెలవు అడిగి చూడొచ్చు కూడా," అన్నారు. మధ్యేమార్గం. ఆయన జీవితమంతా మధ్యేమార్గమే.

అమ్మాయి స్కూల్లో ఇచ్చిన కాగితం ఒకటి వారంగా ఫ్రిజ్ మీద అతికించి ఉంది. కుటుంబంతో కలిసి సైకిళ్ళ మీద ఒక రోజు, ఏడు పురాతన శిథిలాలయాలు, ముందు గైడు, అలిసిపోయినవాళ్ళ కోసం వెనకాల ఒక వ్యాను. వెళ్దామని అమ్మాయి గొడవ. ఆ వ్యానులో నన్ను కూర్చోబెట్టి తీసుకెళ్ళడమని అందరూ ఎప్పుడో నిర్ణయించేశారు. నా నోట్లోంచి ఆ మాటలు ఎలా వచ్చాయో నాకిప్పటికీ తెలియడం లేదు.

"నేను వ్యానులో రాను. సైకిలు మీద వస్తాను. ఏడు గుళ్ళూ తిరుగుతాను. తిరిగితే ఒకటో తారీఖున కాలేజీకి వెళ్తాను, ఇంకెవరూ అడ్డు చెప్పకూడదు. మధ్యలో వ్యాను ఎక్కానంటే రాజీనామా నేనే రాసిస్తాను."

వదిన అడిగింది.

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

"ముందు సైకిలు మీద నిలబడు, చూద్దాం."

అమ్మాయి నవ్వబోయి నా ముఖం చూసి ఆపుకుంది. అది నాకు నచ్చలేదు. నవ్వాల్సింది.

నేను సైకిలు తొక్కి ఎన్నేళ్ళయిందో లెక్క వేయకపోవడం మంచిది.


నవంబరు 4, మంగళవారం

డాక్టరమ్మ అంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. ఒప్పుకోకపోతే బాగుండునని లోపల ఎక్కడో ఉందేమో కూడా.

"మాట్లాడుతూ తొక్కగలిగినంతసేపు తొక్కండి. మాట ఆగిందంటే సైకిలు ఆపెయ్యండి. మళ్ళీ మాట వచ్చాక ఎక్కండి. అంతే."

మా ఆయన కుర్చీ అంచుకి జరిగారు. "ఎత్తు రోడ్డు వస్తేనండీ?"

"ఎత్తయినా అంతే."

"ఎండగా ఉంటే?"

"టోపీ పెట్టుకోమనండి."

"ఒకవేళ..."

"మీక్కూడా ఒకసారి బీపీ చూడమంటారా?" అందావిడ.


నవంబరు 6, గురువారం

అపార్టుమెంటు వెనక నుంచి నీళ్ళ ట్యాంకు దాకా ఉన్న రోడ్డు మీద మొదలుపెట్టాను. అమ్మాయి సైకిలు. నా మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతున్నాయి. మా ఆయన వెనక క్యారియరు పట్టుకుని పరిగెత్తారు.

"వదలండి."

"వదిలేశాను."

వెనక్కి చూస్తే పట్టుకునే ఉన్నారు.

తర్వాత నిజంగానే వదిలేశారు. అది ఆయన చెప్పలేదు, ఆయాసపడే చప్పుడు దూరమైతే తెలిసింది.

మాట్లాడుతూ తొక్కాలి సరే, ఏం మాట్లాడాలి? నేను మామూలుగానే మాటలు పొదుపుగా వాడే మనిషిని. ఏమీ తోచక రెండో సంవత్సరం స్టాటిస్టిక్స్ పాఠం మొదలుపెట్టాను. సగటు, మధ్యగతం, బాహుళకం. పది మందిలో తొమ్మిది మంది నడుస్తూ ఒకరు విమానంలో పోతుంటే సగటు వేగం ఎవరి వేగమూ కాదు. వాచ్‌మన్ ఎదురొచ్చి, "ఫోన్లో మాట్లాడుతున్నారా మేడమ్?" అన్నాడు. అవునన్నాను.


నవంబరు 9, ఆదివారం

ట్యాంకు దాకా ఆగకుండా వెళ్ళి వచ్చాను.


నవంబరు 10, సోమవారం

మధ్యలో ఆగిపోయాను. ఎదురుగాలి.


నవంబరు 11, మంగళవారం

ఈ రోజూ ఆగాను. గాలి లేదు. నిన్న కూడా లేదు.


నవంబరు 14, శుక్రవారం

వదిన మధ్యాహ్నం పడుకున్నప్పుడే ఇది రాసుకోవడం. ఈ రోజు పడుకోలేదు. వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ కూర్చుంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. గిన్నె నా వైపు జరపలేదు. బఠాణీలు కూడా బరువే కాబోలు.

"నేను ఓడిపోవాలని మీకు ఉంది కదా వదినా," అన్నాను. నవ్వుతూనే అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "మీ అన్నయ్యగారు ఆ రోజు పొద్దున్న ఏమన్నారో తెలుసా నీకు?"

అన్నయ్యగారంటే ఆవిడ భర్త. ఆఫీసులో కుర్చీలోనే పోయారు. అంతవరకే నాకు తెలుసు.

"ఛాతీ పట్టేసినట్టుంది, ఏం లేదులే అన్నారు. బూట్లు వేసుకుంటూ అన్నారు. నేను లేసు కట్టాను. ఏం లేదు అనేవాళ్ళంటే నాకు భయమమ్మా. నువ్వు కూడా ఆ జాతే."

రెండు కాయలు తీసుకుని ఒలిచాను. ఆవిడ లాక్కోలేదు.

"నువ్వు ఓడిపోవాలని నాకు లేదు. ఓడిపోతే నేను నిద్రపోతానని ఉంది. రెండూ ఒకటి కాదు," అంది.


నవంబరు 19, బుధవారం

ట్యాంకు దాటి, ఎత్తు రోడ్డెక్కి, ఇటుకల బట్టీ దాకా. అమ్మాయి స్నేహితురాలి సైకిలు తెచ్చుకుని నా పక్కనే తొక్కుతోంది. నా పాఠం వినలేక తనే ప్రశ్నలు వేస్తోంది, నేను జవాబులు చెప్తూ తొక్కాలి.

"అమ్మా, నువ్వు నాన్ననెందుకు చేసుకున్నావు?"

"ఎత్తు రోడ్డు మీద అడిగే ప్రశ్నా ఇది?"

"మాట ఆగిందా?"

"ఆగలేదు. ఆలోచిస్తున్నాను."

"అంటే ఆగినట్టే. దిగు."

దిగాను. ఇద్దరం రోడ్డు పక్కన నిలబడి నవ్వాం. పదమూడేళ్ళది. ఆరు నెలల తర్వాత నా ముందు గట్టిగా నవ్వింది.


నవంబరు 22, శనివారం

రేపే. మా ఆయన ఆఫీసు పని ఉందని పొద్దున్న వెళ్ళి చీకటి పడ్డాక వచ్చారు. మెడ వెనక ఎర్రగా కమిలింది. ఆఫీసులో ఎండెక్కడిది అన్నాను. కిటికీ పక్క సీటన్నారు.

భయంగా ఉంది. ఈ పందెం ఎందుకు కాశానో మళ్ళీ ఆలోచించాను. ఏడు గుళ్ళకీ నా ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. నా విద్యార్థి ఎవరైనా ఇలాంటి తర్కం రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. అయినా వెళ్తాను.


నవంబరు 23, ఆదివారం

గెలిచాను.

ముందు ఆ మాట రాసుకుని, మిగతాది తర్వాత.

వాళ్ళ ఆఫీసంటే ఒక రేకుల షెడ్డు. వరసగా సైకిళ్ళు, గోడకి హెల్మెట్లు. వదిన వ్యానులోనే వస్తున్నా, "కూర్చునేవాళ్ళకి ఇవ్వరా?" అని అడిగి ఒకటి తీసుకుని పెట్టుకుంది. రోజంతా తియ్యలేదు. ఇంకే కుటుంబమూ రాలేదు, మేమే. గైడు ముప్పై ఏళ్ళ అమ్మాయి, మెడలో ఈల.

"నేను ముందు వెళ్తాను మేడమ్. నన్ను దాటి ఎవరూ పోకూడదు. చెయ్యెత్తితే ఆగాలి. ఐదో గుడి తర్వాత కాలవ మీద ఇనుప వంతెన వస్తుంది, అక్కడ అందరూ దిగి..."

మా ఆయనకి పొలమారింది. గైడు ఆయన వైపు చూసి, "సరే, అది అక్కడికి వెళ్ళాక చూద్దాం," అంది.

మొదటి గుడికి కప్పు లేదు. స్తంభాలు మాత్రం ఉన్నాయి, నేల మీద నీడలు గళ్ళు గళ్ళుగా. రెండోదానికి మెట్లూ అరుగూ తప్ప ఏమీ మిగల్లేదు, మెట్లెక్కితే గాలి. మూడోదాని ద్వారం దగ్గర ఇద్దరు ద్వారపాలకులు. ఒకాయనకి ముఖం లేదు, ఇంకొకాయనకి పాదాలు తప్ప ఏమీ లేవు. "ఈయన కాళ్ళు డ్యూటీకి వచ్చాయి, మిగతాది సెలవులో ఉంది," అంది అమ్మాయి. రాయిని ఎలా చీల్చేవాళ్ళో గైడు అక్కడే చూపించింది. వరసగా గుంటలు తొలిచి, వాటిలో ఎండు కొయ్య మేకులు దిగ్గొట్టి నీళ్ళు పోసేవాళ్ళట. కొయ్య ఉబ్బి బండని చీల్చేదట. ఆ గుంటల్లో ఒకదాంట్లో వేలు పెట్టి చూశాను. వేలు సరిగ్గా పట్టింది. ఈ గైడు ప్రతి రాయి దగ్గరా ఏదో ఒకటి చెప్పకుండా కదలదు.

నాలుగో గుడి నీడలో భోజనం. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, నారింజలు. వదిన వ్యాను కిటికీలోంచి మనిషికింత అని పంచింది. మా ఆయన రెండో గుడ్డు అడిగితే, "వరసలో రా," అంది.

ఐదోది అన్నిటికన్నా పెద్దది. అక్కడికి చేరేసరికి నాకు మాట ఆగింది. సగటు దగ్గరే ఆగింది. దిగి ఒక బండ మీద కూర్చున్నాను. మా ఆయన ముఖంలో నెత్తురు లేదు. "మాట రావట్లేదా? రావట్లేదా?" అంటున్నారు. ఆగమని వేలు చూపించాను. కాసేపటికి వచ్చింది. "వచ్చింది," అన్నాను. వ్యాను తలుపు తీసే ఉంది. దాని వైపు చూడలేదు.

ఆ తర్వాత ఆరూ ఏడూ ఇట్టే వచ్చేశాయి. ఐదో గుడి వెనకాలే. అంత దగ్గరలో ఉన్నాయనుకోలేదు. రెండూ చిన్న చిన్న నాలుగు స్తంభాల మండపాలు. కాగితం మీది బొమ్మలో ఏడో గుడి ఎక్కడో ఎత్తున ఉన్నట్టు కనిపించింది. బొమ్మల్లో అన్నీ ఎత్తుగానే ఉంటాయి కదా. గైడు అక్కడేమీ చెప్పలేదు, వంగి సైకిలు గొలుసు సర్దుకుంటోంది. పాపం ఆ పిల్లా అలిసిపోయింది. "ఇదే ఏడోది," అని మా ఆయన చప్పట్లు కొట్టారు. అమ్మాయి ఫొటో తీసింది.

వంతెన ఎప్పుడు దాటామో గమనించనేలేదు. పాఠంలో పడిపోయి ఉంటాను.

వదిన వ్యాను దిగి ఆ మండపాన్ని చాలాసేపు చూసింది. తర్వాత డ్రైవరుతో ఏదో మాట్లాడింది. నా దగ్గరికొచ్చి "సరే," అంది. అంతే. కలెక్టరు ఓడిపోతే ముఖం ఎలా ఉంటుందో చూడాలని మూడు వారాలుగా అనుకుంటున్నాను. ఎలా ఉందో రాద్దామంటే రావడం లేదు.

ఏమైనా గెలిచాను.


నవంబరు 24, సోమవారం

కాలేజీ బట్టలు ఇస్త్రీకి ఇచ్చాను. ప్రిన్సిపాలుకి ఫోను చేసి ఒకటో తారీఖున వస్తున్నానని చెప్పాను. "పూర్తిగా కోలుకున్నట్టేనా?" అన్నారు. ఏడు గుళ్ళ సంగతి చెప్పాను. "అబ్బో," అన్నారు.

కాళ్ళు నొప్పులు లేవు. అలవాటు పడ్డాయన్నమాట.


నవంబరు 25, మంగళవారం

మా ఆయన కేకు తెచ్చారు. అమ్మాయి చెప్పకుండానే గిన్నెలు కడిగింది. ఇంట్లో అందరూ చాలా ప్రేమగా ఉన్నారు.

ఫొటో చూశాను. నా వెనక మండపం, మండపం వెనక ఐదో గుడి గోడ. ఎంత దగ్గర.


నవంబరు 26, బుధవారం

వదిన ఒక్క మాట కూడా దెప్పలేదు. బస్సులో కిటికీ సీటు కోసం కండక్టరుని దింపి వాదించిన మనిషి, పందెం ఓడిపోయి నోరెత్తదేం?

వంటింట్లోకి వెళ్ళాను.

"వదినా, మీరేమీ అనలేదు."

"ఏమనాలి?"

"పందెం ఓడిపోయారు కదా."

ఆవిడ నారింజ ఒలుస్తోంది. తొక్కంతా తీసి పక్కన పెట్టింది.

"నన్నేమీ అడక్కమ్మా. అడిగితే చెప్పేస్తాను. అబద్ధమాడడం నాకు చేతకాదు. సర్వీసంతా దానివల్లే ప్రమోషన్లు ఆలస్యమయ్యాయి."

పాలు అయిపోయాయి, తెప్పించాలి అన్నాను. వచ్చేశాను.


నవంబరు 27, గురువారం

అడగలేదు.

అడగాల్సిన అవసరం ఏముంది? సోమవారం కాలేజీ. బట్టలు ఇస్త్రీ నుంచి వచ్చాయి. ఎవరూ అడ్డు చెప్పడం లేదు. నాకు కావలసింది ఇదే కదా.

ప్రాక్టికల్సులో పిల్లలు మరీ చక్కగా సరిపోయే అంకెలు తెస్తే నేను అడిగే మొదటి మాట, ఇవి ఎక్కడ కొలిచావు అని. వాళ్ళ ముఖాలు అప్పుడు ఎలా అవుతాయో నాకు తెలుసు. నిన్న అద్దంలో చూసుకున్నాను కాబట్టి ఇంకా బాగా తెలుసు.

రేపు అడుగుతాను. లేదా అడగను.


నవంబరు 28, శుక్రవారం

అడిగాను.

వదిన పడుకుని ఉంది. కళ్ళు తెరవకుండానే, "కూర్చో," అంది.

"ఆ రోజు చూసినవి ఎన్ని గుళ్ళు వదినా?"

"ఐదు. ఆ వెనక రెండూ ఐదోదాని మండపాలే. అసలు ఆరూ ఏడూ కాలవ అవతల ఉన్నాయి. ఏడోది గుట్ట మీద. వీళ్ళు కాలవే దాటలేదు కదమ్మా అన్నాడు డ్రైవరు."

నాకు కోపం రాలేదు. రాలేదని ఇక్కడ రాస్తున్నాను.

"మీరు ఆ రోజే ఎందుకు చెప్పలేదు? చెప్తే మీరే గెలిచేవారు కదా."

"నువ్వు ఫొటోలో నవ్వుతున్నావు," అంది. తర్వాత లేచి కూర్చుని, "నేను వద్దంటే నీ ముఖాన అంటాను. వెనక నుంచి క్యారియరు పట్టుకోవడం నాకు రాదు. అది మీ ఆయన పద్ధతి," అంది.

సాయంత్రం మా ఆయన బూట్లు విప్పుతుండగానే అడిగాను.

"పోయిన శనివారం ఆఫీసుకి వెళ్ళలేదు కదూ."

ఆయన ఒక బూటుతోనే కూర్చుండిపోయారు. అమ్మాయి పుస్తకం మూసి లేవబోతే, "నువ్వూ కూర్చో," అన్నాను.

"వెళ్ళి దారంతా తొక్కి చూశాను," అన్నారు ఆయన. "ఆ గుట్ట ఎక్కలేక నేనే దిగిపోయాను. గుండె చెవుల్లో కొట్టుకుంది. అక్కడ నిన్ను ఊహించుకోలేకపోయాను. ఎక్కనివ్వాలంటే భయం. ఓడిపోయావని నీకు చెప్పాలన్నా మనసొప్పలేదు. గైడుని బతిమాలాను."

"అందుకని గుళ్ళు తగ్గించారు."

"తగ్గించలేదు. ఏడే చూపించాం."

"నాన్నా, ఇంక ఆపు," అంది అమ్మాయి. దానికి ముందే తెలుసట. ఏడుస్తోంది. నేను దాన్ని దగ్గరికి తీసుకోలేదు. కాసేపయ్యాక తీసుకున్నాను.

"మీరు నన్ను గెలిపించలేదండీ," అన్నాను ఆయనతో. "నన్ను ఆడనివ్వలేదు. నేను ఆగాల్సి వస్తే నా మాట ఆగినచోట ఆగుతాను. మీకు భయం వేసినచోట కాదు."

ఆయన రెండో బూటు విప్పడానికి చాలాసేపు పట్టింది.

"ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నారు.

వదిన గుమ్మంలో నిలబడి ఉంది. జవాబు ఆవిడకే చెప్పాను. "పందెం అలాగే ఉంది వదినా. సోమవారానికి ముందు ఇంకా ఆదివారం ఉంది."

"ఉంది," అంది ఆవిడ.


నవంబరు 29, శనివారం

గైడుకి నేనే ఫోను చేశాను. "మేడమ్, ఆ రోజు..." అని మొదలుపెట్టింది. వద్దమ్మా, రేపు వంతెన దాటించు చాలు అన్నాను.

నిజంగానే ఎక్కలేకపోవచ్చు. అప్పుడు రాజీనామా రాయాలి. రాస్తాను. ఈసారి ఈ వాక్యం రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు. ఎందుకో తెలియదు.


నవంబరు 30, ఆదివారం

ఐదు గుళ్ళ దాకా రాయాల్సిందేమీ లేదు. అవే రాళ్ళు. అమ్మాయి పక్కనే తొక్కుతూ ప్రశ్నలేసింది, మా ఆయన వెనక. ఐదో దగ్గర ఈసారి నాకు మాట ఆగలేదు గానీ ఆగుతుందేమోనన్న భయానికి నేనే దిగాను. వెనకాల ఆ రెండు మండపాలు. వాటిని దాటి ముందుకి పోతుంటే మా ఆయన తల దించుకున్నారు.

వంతెన ఇనుప రేకులది. దిగి నడిపించుకుంటూ దాటాం. అడుగేస్తే రేకులు దడదడలాడుతున్నాయి. ఇంత చప్పుడు చేసే వంతెనని గమనించకుండా దాటానని రాసుకున్నాను.

ఆరో గుడి ముళ్ళపొదల్లో నడుము దాకా కూరుకుపోయి ఉంది. లోపలికి వంగి వెళ్ళాలి. గైడు టార్చి వేసి పైకప్పు మీద చెక్కిన హంసల వరస చూపించింది. ఒక హంస వెనక్కి తిరిగి చూస్తోంది. శిల్పి పొరపాటో సరదానో ఎవరికీ తెలియదంది. పోయిన వారం మూగబోయిన పిల్ల, ఈ రోజు ఒక్క హంస గురించే అంతసేపు చెప్పింది.

తర్వాత గుట్ట. మట్టి రోడ్డు, కంకర, పైన ఏమీ కనబడదు. వేరే రోడ్డున వచ్చిన వ్యాను మొదట్లోనే ఆగింది. వదిన దిగి, గొడుగు తీసుకుని, డ్రైవరుతో అంది.

"నువ్వు వెళ్ళిపో నాయనా. షెడ్డు దగ్గర ఉండు."

"అక్కా, వ్యాను లేకపోతే ఎలా?" అన్నారు మా ఆయన.

"అది నా కళ్ళముందుంటే నేనే దీన్ని అందులోకి తోసేస్తాను. పోనివ్వు."

ఏదైనా అయితే ఫోనుందని, ఇటు రావడానికి వ్యానుకి ఎంతోసేపు పట్టదని గైడు అంది. మా ఆయన గైడు ఫోనులో చార్జింగు చూశారు. తర్వాత తన దాంట్లో చూశారు.

ఎక్కాను. సగటు, మధ్యగతం. మొదటి మలుపు దగ్గర బాహుళకం రాలేదు. దిగాను. మా ఆయన చెయ్యి నా వైపు వచ్చింది, మధ్యలో ఆగింది, జేబులోకి వెళ్ళిపోయింది. అది నేను చూశాను. ఆ చెయ్యి జేబులో పెట్టుకోవడం ఆయనకి గుట్ట ఎక్కడం కన్నా కష్టమై ఉంటుంది.

మాట వచ్చింది. ఎక్కాను. రెండో మలుపు దాకా కూడా పోలేదు. దిగాను. కంకర మీద చక్రం జారుతోంది. ఈసారి ఎక్కలేదు, నడిపించుకుంటూ పోయాను. నాలుగడుగులేసి ఆగిపోయాను.

"వదినా, నడిపిస్తే లెక్కలోకి వస్తుందా?"

ఆవిడ గొడుగు వేసుకుని, హెల్మెట్టు పెట్టుకుని, నా వెనకాల నడుస్తోంది. చెమటతో ముఖం మెరుస్తోంది.

"వ్యాను ఎక్కకూడదన్నావు. దిగకూడదని ఎవరన్నారు? మాట మార్చకు. నడు."

ఎన్నిసార్లు ఆగానో లెక్కపెట్టలేదు. లెక్కలు చెప్పి బతికేదాన్ని, లెక్కపెట్టలేదు. ఆగడం, ఒక మాట అనడం, అది పూర్తిగా వస్తే కదలడం. ఒకచోట చాలాసేపు కూర్చున్నాను. ఇంక చాలు, దిగిపోదాం అనిపించింది. అందరూ నేనేం చెప్తానా అని చూస్తున్నారు. ఎవరూ నా తరఫున ఏమీ అనలేదు. అప్పుడు తెలిసింది, నిజంగానే నేను చెప్తే దిగిపోతారని. లేచాను.

చివరి కాస్తా చదునుగా ఉంది. అక్కడ ఎక్కి తొక్కాను.

ఏడో గుడి అంటే ఒక రాతి గుమ్మం. గోడల్లేవు, కప్పు లేదు, దేవుడు ఎవరో కూడా తెలియదట. గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది, ఇటూ ఆకాశమే, అటూ ఆకాశమే. ఇంత ఎక్కి వచ్చింది దీనికా అనుకున్నాను, నవ్వొచ్చింది. అందరికన్నా చివర మా ఆయన వచ్చారు, సైకిలు తోసుకుంటూ, రొప్పుతూ.

"ఏమండీ, మాట్లాడండి," అన్నాను.

ఆగమని వేలు చూపించారు. అమ్మాయి గట్టిగా నవ్వింది. ఆయన అలా వేలెత్తి నిలబడే, మాట రాకముందే, వంగి నా చక్రానికి చుట్టుకున్న ముళ్ళతీగ తీయబోయారు. ఆగి నా ముఖంలోకి చూశారు.

"తియ్యండి," అన్నాను.

గుట్ట అందరం నడిచే దిగాం. కిందికి వచ్చాక గానీ ఎవరికీ తట్టలేదు. వ్యాను లేదు. కలెక్టరుకి సైకిలు లేదు.

"ఆంటీ, నా వెనక కూర్చోండి," అంది గైడు.

"లేకపోతే వ్యానుకి ఫోను చేస్తాను," అన్నారు మా ఆయన.

వదిన అన్ని సైకిళ్ళనీ ఒకసారి చూసింది. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, వచ్చి నా క్యారియరు మీద పక్కకి తిరిగి కూర్చుంది. సైకిలు వెనక్కి కుంగింది. వదిన బఠాణీ గింజేమీ కాదు.

"ఏం, మొయ్యలేవా?"

మా ఆయన నోరు తెరిచారు. "ఒరేయ్, నిన్నడగలేదు," అంది వదిన.

వ్యాను వచ్చిన రోడ్డు చదును, షెడ్డు కనబడుతోంది. నా ఊపిరి ఎలా ఉందో చూసుకున్నాను. గొంతు ఎలా ఉందో చూసుకున్నాను.

"మోస్తాను. కాళ్ళు పైకి పెట్టుకోండి. కదలకండి."

మొదటి పెడలు పడలేదు. రెండోసారి పడింది. సైకిలు అటూ ఇటూ ఊగింది, పడిపోతామనుకున్నాను, వదిన రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి బిగించి పట్టుకుంది. ఆరు నెలలుగా ఎవరూ నన్ను అంత గట్టిగా పట్టుకోలేదు.

"తిన్నగా పోనీ," అంది నా వీపు వెనక నుంచి. "గుంట ఉంది, చూసుకో. ఎడమ పక్క. ఎడమ పక్కనమ్మా."

"కనబడుతోంది వదినా," అన్నాను.


డిసెంబరు 1, సోమవారం

రెండు పీరియడ్లయ్యాయి, ఇంకా ఒకటుంది. రాయడానికి తీరిక లేదు.